గడియారం ఎక్కడ మొదలవుతుంది?
రక్తం ఎక్కించే సేవల నాణ్యతను కొలవటం గురించి

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన విషయం 'ఆస్పత్రులలో రక్తం ఎక్కించే సేవలు - నాణ్యతను కొలవటం'. ఇదేదో లాబొరేటరీ వాళ్ళ గొడవ, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించి వుంటుంది. పొద్దున టీ దగ్గర ఒకరిద్దరు నాతో అన్నారు కూడా. నేనేమీ వైద్యం చదివినదాన్ని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. పేరు ముందు 'డాక్టర్' వుంది కదా అని మా బంధువులు ఇప్పటికీ మోకాళ్ళ నొప్పులకి నన్ను మందులు అడుగుతుంటారు. కాబట్టి యాంటీబాడీల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. కొలవటం గురించి మాత్రం కొంత చెప్పగలను. ఎవరు కొలుస్తారు, దేన్ని కొలుస్తారు, ఎక్కణ్ణించి కొలవటం మొదలుపెడతారు అనేవి కేవలం సాంకేతిక విషయాలు కావు. అవి అధికారానికి సంబంధించిన విషయాలు కూడా.

ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను. 2013లో మా చిన్నమ్మ కూతురు పురుడు పోసుకోవటానికి ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో చేరింది. తోడుగా నేను వెళ్ళాను. రాత్రి 11 దాటాక పాప పుట్టింది. మాయ కూడా పడింది. కాని రక్తస్రావం ఆగలేదు. పదకొండున్నరకి డ్యూటీలో వున్న డాక్టరమ్మ "రెండు బాటిళ్ళు రక్తం కావాలి, వెంటనే" అని ఫారం రాసిచ్చింది. మా మరిది ఆ ఫారమూ శాంపిలూ పట్టుకుని బ్లడ్ బ్యాంకుకి పరుగెత్తాడు. పావుగంటలో తిరిగొచ్చాడు, చేతిలో ఫారం అలాగే వుంది. "వదినా, ఆ గ్రూపు రక్తం వుందంట. ఇద్దరు మనుషుల్ని తెస్తేనే ఇస్తారంట" అన్నాడు. తనే ఇస్తానని వెళ్తే తూకం వేసి 43 కిలోలున్నావు, పనికిరావన్నారు. నాది అప్పటికి మందులు వాడుతున్న ఒళ్ళు, నన్నూ వద్దన్నారు. ఆ అర్ధరాత్రి అతను బస్టాండుకి పోయి, ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆటో డ్రైవర్లని బతిమాలి తీసుకొచ్చేసరికి రెండు కావస్తోంది. ఆ ఇద్దరి పేర్లు కూడా మేం సరిగా అడగలేదు. మొదటి చుక్క మా చెల్లి ఒంట్లోకి వెళ్ళేసరికి 3 గంటల 10 నిమిషాలు. తెల్లవారుజామున గర్భసంచి తీసేశారు. అప్పటికి తనకి 24 ఏళ్ళు. రక్తం ముందే అందివుంటే గర్భసంచి నిలిచేదా అంటే డాక్టర్లు తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పలేను. మనిషి దక్కింది.

ఈ కథ మీకు కొత్త కాదని తెలుసు. ఇందులో మగవాళ్ళు, ఊళ్ళు మారుతాయి గాని మీలో చాలామంది ఇలాంటి రాత్రి ఒకటి చూసే వుంటారు. నేను చెప్పదలుచుకున్నది తర్వాత జరిగింది. కొన్ని నెలలకి పరిశోధన పని మీద, అనుమతి తీసుకుని, అదే బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాను. రిజిస్టరులో ఆ రాత్రి పేజీ తీసి చూశాను. ఫారం అందిన సమయం: 2.10. రక్తం ఇచ్చిన సమయం: 2.45. అంటే 35 నిమిషాలు! గ్రూపు సరిచూసి, క్రాస్‌మ్యాచ్ చేసి 35 నిమిషాలలో ఇవ్వటం మంచి పనితనమే. ఏ తనిఖీ అధికారి చూసినా సంతృప్తిపడి సంతకం పెడతాడు. ఆ టెక్నీషియన్ అబద్ధం రాయలేదు. దాతలు వచ్చాకే ఆయన ఫారం తీసుకున్నాడు, తీసుకున్నాకే గడియారం చూశాడు. మా చెల్లి గడియారం మాత్రం పదకొండున్నరకే మొదలైంది. ఆ 2 గంటల 40 నిమిషాలు ఏ కాగితం మీదా లేవు.

ఇప్పుడు మన దేశంలో నాణ్యతని ఎలా కొలుస్తున్నారో చూద్దాం. బ్లడ్ బ్యాంకులకి గుర్తింపునిచ్చే ఎన్.ఎ.బి.హెచ్. ప్రమాణాలలో కొన్ని సూచికలున్నాయి. సేకరించిన రక్తంలో ఎంత శాతంలో అంటురోగాలు బయటపడ్డాయి, ఎక్కించాక ఎంతమందికి రియాక్షన్ వచ్చింది, ఎన్ని బ్యాగులు వృథా అయ్యాయి, ఫారం వచ్చాక ఎంతసేపటికి రక్తం ఇచ్చారు, రక్తం తీయించుకున్నవాళ్ళలో ఎంతమందికి కళ్ళు తిరిగాయి, ఇలా. వీటిని నేను తేలిగ్గా తీసెయ్యటం లేదు. ఇవి ఊరికే రాలేదు. 1989లో హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి అయ్యేదాకా, 2001లో హెపటైటిస్-సి పరీక్ష చేరేదాకా ఎక్కించుకున్న రక్తంతోపాటు ఎంతమంది ఏమేం తెచ్చుకున్నారో ఎవరికీ లెక్క లేదు. ఆస్పత్రుల గేట్ల దగ్గర ఆకలితో రక్తం అమ్ముకునేవాళ్ళు బారులు తీరి వుండే కాలం అది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాకే జాతీయ రక్త మార్పిడి మండలి ఏర్పడింది. 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తం కొనటం ఆగాలన్నదీ ఆ తీర్పే. బ్రిటన్‌లో కలుషిత రక్తం మీద 2024 మే నెలలో వచ్చిన విచారణ నివేదిక 30 వేలమందికి పైగా రోగాల పాలయ్యారని చెప్పింది. వాళ్ళలో పురిటి సమయంలో రక్తం ఎక్కించుకుని, ఏళ్ళ తరబడి 'నీరసం నీ భ్రమ' అనిపించుకున్న తల్లులున్నారు. కాబట్టి బ్యాగులో వున్నదాన్ని కొలవటం అవసరమే. ఆ కొలత బ్యాగు దగ్గర మొదలై బ్యాగు దగ్గరే ఆగిపోతోందన్నదే నా అభ్యంతరం.

సిరీన్ తాడియస్, డెబొరా మైన్ అనే ఇద్దరు స్త్రీలు ప్రసూతి మరణాల మీద 1994లో ఒక వ్యాసం రాశారు. మూడు ఆలస్యాలని వాళ్ళు చెప్పింది మనం శిక్షణల్లో ఇప్పటికీ వాడుకుంటున్నాం. ఆస్పత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవటంలో ఆలస్యం, ఆస్పత్రికి చేరటంలో ఆలస్యం, చేరాక వైద్యం అందటంలో ఆలస్యం. మొదటి రెంటి గురించి మనం గోడల మీద రాశాం, పాటలు కట్టాం. 2005 నుంచి 108 అంబులెన్సులు వచ్చాయి, ఆశా కార్యకర్తలు వచ్చారు, ఇళ్ళలో పురుళ్ళు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు మూడో ఆలస్యమే మిగిలింది. అది ఆస్పత్రి గోడల లోపల జరుగుతుంది గనక దాన్ని కొలిచే కలం ఆస్పత్రి చేతిలోనే వుంది. పురిటి తర్వాత తీవ్ర రక్తస్రావం మొదలైతే, వైద్యం అందని స్త్రీ చనిపోవటానికి సగటున రెండు గంటలు పడుతుందని అంచనా. 2001-03లో మన దేశంలో జరిగిన ప్రసూతి మరణాల్లో 38 శాతం రక్తస్రావం వల్లనేనని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం లెక్క తేల్చింది. రెండు గంటల్లో ప్రాణం పోయే చోట 2 గంటల 40 నిమిషాలని లెక్కలోంచి జారవిడవటం చిన్న పొరపాటా?

అసలు గడియారం ఫారం రాసినప్పుడు కూడా మొదలు కాదేమో. ఎంత రక్తం పోయిందో ఎవరైనా గుర్తిస్తేనే కదా ఫారం రాసేది. మన ప్రసూతి గదుల్లో ఇప్పటికీ ఎక్కువగా కంటిచూపుతోనే అంచనా వేస్తారు. గుడ్డలెన్ని తడిశాయి, బకెట్లో ఎంత వుంది అని. కర్ణాటకలోని బెల్గాం డాక్టర్లు కొందరు, అమెరికా పరిశోధకులతో కలిసి, పిరుదుల కింద పరిచే ప్లాస్టిక్ షీటుకి గీతలున్న సంచి తగిలించి ఎంత రక్తం పోయిందో కొలిచారు. కంటి అంచనా ఆ సంచిలో పడినదానికంటే దాదాపు మూడోవంతు తక్కువగా వుందని 2006లో ప్రచురించారు. అలాంటి సంచినే వాడి, రక్తస్రావం కనిపెట్టిన వెంటనే మసాజు, మందులు, సెలైను అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర ప్రమాదాలు 60 శాతం తగ్గాయని నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనం 2023లో చూపించింది. అందులో రక్తం ఎక్కించే అవసరమే రాని స్త్రీలు ఎంతమందో ఆలోచించండి. స్త్రీ ఒంట్లోంచి పోయే రక్తాన్ని సరిగా కొలవని వ్యవస్థ, ఆమె ఒంట్లోకి వెళ్ళే రక్తం నాణ్యతని మాత్రం మిల్లీలీటర్లతో సహా కొలుస్తుంది!

ఇక మనుషుల్ని తెమ్మనటం గురించి. దీన్ని రీప్లేస్‌మెంట్ అంటారు, బదులు రక్తం. 2002 జాతీయ రక్త విధానం దీన్ని క్రమంగా తీసెయ్యాలంది. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణికి, బాలింతకి రక్తం ఉచితం. ఆ రాత్రి మమ్మల్నెవరూ డబ్బు అడగలేదు, నిజమే. మనుషుల్ని అడిగారు. మనుషులు లేనివాళ్ళ మాటేమిటి? భర్త వదిలేసిన ఆమె, కట్టుబట్టలతో వలసొచ్చిన ఇటుక బట్టీ కూలి, కులాంతర పెళ్ళి చేసుకుని రెండువైపులా పుట్టింటి గడప, అత్తింటి గడప మూసుకుపోయిన పిల్ల, ఇరవై మైళ్ళ అవతలి తండా నుంచి ముసలి తల్లి ఒక్కతే తోడురాగా వచ్చిన ఆమె, వీళ్ళు ఎవర్ని తెస్తారు? మగ బలగం వున్న స్త్రీకి త్వరగానూ లేని స్త్రీకి ఆలస్యంగానూ రక్తం అందుతుంటే, ఉచితం అన్న మాటకి అర్థమేమిటి? పైగా మనుషులు దొరకనివాళ్ళు చివరికి దొడ్డిదారిన డబ్బిచ్చి 'బాబాయి కొడుకు'ని తెచ్చుకుంటారు. 1998లో ముందు గేటునుంచి పంపించేసిన అమ్మకం బంధువు వేషంలో తిరిగొస్తుంది.

మరి ఆడవాళ్ళే ఇవ్వొచ్చు కదా అని ఒక శిబిరంలో ఒక పెద్దమనిషి నన్నడిగారు. ఇవ్వొచ్చు. ప్రపంచం మొత్తం మీద రక్తదానాల్లో మూడోవంతు స్త్రీలవే. ఇక్కడ మాత్రం రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములుండాలి, బరువు 45 కిలోలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత వున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మొగవాళ్ళు తిన్నాక మిగిలింది తినే ఇంట్లోంచి రక్తదాత రాదు. బహిష్టు, గర్భం, చంటిపిల్లకి పాలివ్వటం, ఇవన్నీ కూడా తాత్కాలికంగా వద్దనటానికి కారణాలు. అవి ఆమె మంచికే. కానీ 2017 నాటి దాతల ఎంపిక మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లని, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులని, సెక్స్ వర్కర్లని వాళ్ళ నడవడితో నిమిత్తం లేకుండా గంపగుత్తగా దూరం పెట్టాయి. మణిపూర్‌కి చెందిన ఒక ట్రాన్స్ కార్యకర్త 2021లో దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. రక్తాన్ని పరీక్షించటం వేరు, మనుషుల్ని తరగతులుగా వెలివెయ్యటం వేరు. ఆ రెండోదాన్ని నాణ్యత అంటే నేనొప్పుకోను.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. వృథా ఎంత తక్కువైతే నాణ్యత అంత ఎక్కువ అంటున్నారు. అలాగే క్రాస్‌మ్యాచ్ చేసిన బ్యాగులెన్ని, నిజంగా ఎక్కించినవెన్ని అని ఒక నిష్పత్తి చూస్తారు. రెండుకి ఒకటి దాటకపోతే బాగున్నట్టు. నగరంలో పెద్ద ఆస్పత్రికి ఇది సబబే. ఎర్ర కణాల బ్యాగు 35 రోజులు, వాడే ద్రావణాన్ని బట్టి 42 రోజులే నిలవుంటుంది. ఎవరో ఇచ్చిన రక్తాన్ని పారబొయ్యటం పాపమే. కాని మండల స్థాయి ఆస్పత్రిలో పెట్టే రక్త నిలవ కేంద్రం సంగతి చూడండి. 2001 డిసెంబరులో నిబంధనలు సడలించి, ఏడాదికి 2000 బ్యాగుల లోపు వాడే ఇలాంటి చోట్ల లైసెన్సు లేకుండా రక్తం నిలవ పెట్టుకోవచ్చన్నారు. ఎందుకు? సరిగ్గా మా చెల్లిలాంటి వాళ్ళ కోసమే. ఎప్పుడో నెలకొకసారి వచ్చే ఆ స్త్రీ కోసం నాలుగు బ్యాగులు ఫ్రిజ్‌లో సిద్ధంగా వుండాలి. ఆమె రాకపోతే వాటిలో కొన్ని గడువు దాటతాయి. అది వృథా కాదు, కాపలా. అగ్నిమాపక కేంద్రంలో నీళ్ళు వాడలేదని ఎవరూ దండుగ రాయరు కదా. వృథా సున్నా అని గొప్పగా రాసుకున్న నిలవ కేంద్రం కనిపిస్తే నాకు మొదట వచ్చే అనుమానం, అక్కడ ఫ్రిజ్ ఖాళీగా వుందేమోనని.

దీనికి రెండో వైపు కూడా వుంది, అది మనకి అంత ఇష్టంగా వుండదు. మన ఊళ్ళల్లో 'ఒక బాటిల్ రక్తం ఎక్కిస్తే బలం వస్తుంది' అనే నమ్మకం వుంది. ఎనిమిదో నెలలో రక్తం తక్కువగా వుందని, గబగబా ఒక బ్యాగు ఎక్కించి పంపే డాక్టర్లూ వున్నారు. తొలి నెలల నుంచి ఐరన్ మాత్రలు అందివుంటే, అవి పడకపోతే ఐరన్ ఇంజక్షను ఇచ్చివుంటే, ఆ బ్యాగు అవసరమయ్యేది కాదు. ఎక్కించిన ప్రతి బ్యాగూ కొంత ప్రమాదమే. అందుకే రక్తం ఎక్కించారని సంతోషించి ఊరుకోకుండా, ఎందుకు ఎక్కించారని అడగటం కూడా మన పనే. కేస్ షీటులో కారణం రాసివుండాలి. ఆమె అంగీకారం కూడా వుండాలి. భర్తది కాదు, ఆమెది. స్పృహలో వున్న వయోజనురాలి తరఫున ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆగమనటం లేదు. ఆగటానికి తీరిక వున్నప్పుడు కూడా ఆమెని ఎవరూ అడగటం లేదు.

ఇక మంచం దగ్గర జరిగేది. బ్రిటన్‌లో రక్తం ఎక్కించటంలో జరిగే ప్రమాదాలని 1996 నుంచి నమోదు చేస్తున్నారు. ఏటా వచ్చే నివేదికల్లో ఎక్కువ భాగం రోగక్రిముల కథలు కావు, మనుషుల పొరపాట్లు. ఒకరి శాంపిల్ మీద ఇంకొకరి పేరు, ఒకరి బ్యాగు ఇంకొకరికి. గ్రూపు కలవని రక్తం కొద్దిగా వెళ్ళినా ప్రాణం పోవచ్చు. మన ప్రసూతి వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు లక్ష్ములుంటారు. నర్సు వచ్చి "లక్ష్మి ఎవరమ్మా?" అంటుంది. మగతలో వున్న పిల్ల ఊఁ అంటుంది. రిజిస్టరులో ఆమె పేరుకంటే భర్త పేరే పెద్దగా వుంటుంది. 'నీ పేరేమిటి' అని అడిగి ఆమె నోట చెప్పించుకోవాలి. ఇద్దరు సిబ్బంది కలిసి సరిచూడాలి. మొదటి పదిహేను నిమిషాలు పక్కనే వుండి చూడాలి. అరవై మంచాలకి ఒక నర్సు వున్న వార్డులో ఇదెలా సాధ్యం? అప్పుడు తప్పు నర్సుదని రాస్తారు. నర్సు కూడా స్త్రీయే, కాంట్రాక్టు ఉద్యోగే. ఆమెకి భయం వుంటే రియాక్షన్లు నమోదు కావు. 2012 డిసెంబరులో మన దేశంలోనూ హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఇందులో ఉద్దేశం శిక్షించటం కాదు, నేర్చుకోవటం. ఏడాది పొడుగునా ఒక్క రియాక్షనూ రాలేదని రాసిన ఆస్పత్రిని నేను నమ్మను. రియాక్షన్లు వచ్చాయని రాసిన ఆస్పత్రినే నమ్ముతాను.

తమిళనాడులో సాత్తూరు ప్రభుత్వ ఆస్పత్రిలో 2018 డిసెంబరులో జరిగింది మీకు గుర్తుండే వుంటుంది. ఒక గర్భిణికి హెచ్.ఐ.వి. వున్న రక్తం ఎక్కించారు. రక్తమిచ్చింది ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు, బంధువు కోసం ఇచ్చాడు. రెండేళ్ళ కిందటే ఇంకో శిబిరంలో అతని రక్తంలో వ్యాధి బయటపడింది. ఆ కబురు అతనికి చేరలేదు. విదేశంలో ఉద్యోగం కోసం పరీక్ష చేయించుకున్నప్పుడు సంగతి తెలిసి, తనంతట తనే వచ్చి చెప్పాడు. ఆ తర్వాత ఆ బాధతో ప్రాణం తీసుకున్నాడు. 2019లో మద్రాసు హైకోర్టు ఆమెకి పరిహారం ఇప్పించింది. పరీక్ష ఎందుకు తప్పింది అన్న ప్రశ్నకి సూచిక వుంది. మొదటిసారి వ్యాధి బయటపడిన దాతని పిలిచి, కూర్చోబెట్టి, చెప్పారా అన్నది ఎంతమంది అడుగుతున్నారు? ఎన్ని బ్యాగుల్లో వ్యాధి కనిపించిందో శాతాలు రాస్తారు. అందులో ఎంతమంది మనుషులకి కబురు చేరిందో ఆ శాతం పక్కనే రాయాలి.

ఇంతసేపు చెప్పి చేతికి ఏమీ ఇవ్వకుండా పోకూడదని, మీ అందరికీ ఒక కాగితం పంచాను. ప్రసూతి మరణాల సమీక్ష 2010 నుంచి జరుగుతోంది. మీలో చాలామంది ఆ ఇళ్ళకి వెళ్తున్నారు. చావు దప్పి కన్ను లొట్టపోయి ఇల్లు చేరినవాళ్ళని కూడా కలుస్తున్నారు. వెళ్ళినప్పుడు ఈ వేళలు రాసుకోండి: రక్తం కావాలని డాక్టర్ చెప్పింది ఎప్పుడు, శాంపిల్ బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గరికి చేరింది ఎప్పుడు, బ్యాగు బయటికొచ్చింది ఎప్పుడు, మొదటి చుక్క పడింది ఎప్పుడు. గడియారం చూసినవాళ్ళుండరు, నాకు తెలుసు. అజా వినపడిందా, ఆఖరి బస్సు పోయిందా, పాలవాడు వచ్చాడా అని అడగండి. ఆడవాళ్ళు అలాగే చెప్తారు, దాదాపు సరిగ్గానే చెప్తారు. ఎవరు పరుగెత్తారు, ఎవర్ని బతిమాలారు, ఎంత ఖర్చయింది అని కూడా రాయండి. ఇలాంటి కాగితాలు ఒక జిల్లాలో ముప్పై జమైతే కలెక్టరు ముందు పెట్టి, 'మీ రిజిస్టరులో 35 నిమిషాలుంది, మా కాగితంలో 3 గంటల 40 నిమిషాలుంది, తేడా ఎక్కడికి పోయింది?' అని అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద బ్లడ్ బ్యాంకు నెలవారీ నిలవల లెక్కలు కూడా తెప్పించుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టండి.

కాగితంలో చివరి గడి ఖాళీగా వుంది, అది అచ్చు తప్పు కాదు. నేను ఆస్పత్రుల్లో చూసిందే రాశాను. మీరు ఊళ్ళల్లో, తండాల్లో చూస్తున్నారు. భోజనాల తర్వాత జిల్లాలవారీగా కూర్చున్నప్పుడు, ఆ గడిలో ఏం అడగాలో మీరు రాసి నాకివ్వండి. సాయంత్రం బస్సు ఎక్కేలోపల అన్నీ కలిపి ఒక్క ఫారం తయారు చేద్దాం.